అండమాన్ తీరాన విడిది

(ప్రసంగ పాఠం)



విశాఖపట్నం రేవు నుండి అండమాన్ ముఖ్యపట్టణానికి సముద్రమార్గాన సుమారు 1,200 కిలోమీటర్ల దూరం ఉన్నది. ఓడలో వెళ్ళేవారికి దారిలోనే రెండు మూడు రాత్రులు గడుస్తాయి. చెన్నై నుండి విమానంలో వెళ్ళేవారు రెండు గంటలలో దిగుతారు. ఎలా వెళ్ళినా, 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన ఆ పోర్ట్ బ్లెయిర్ పట్టణంతో యాత్ర ముగియదు. నిజానికి అక్కడే మొదలవుతుంది. యాత్రికుడు మళ్ళీ ఒక చిన్న ఓడ ఎక్కి, 2018 చివర స్వరాజ్ ద్వీప్‌గా నామకరణం పొందిన హావ్‌లాక్‌కో, శహీద్ ద్వీప్‌గా మారిన నీల్‌కో పోతాడు. ఓపిక గలవాడు లాంగ్ ఐలండ్‌కు, రంగత్‌కు, ఇంకా ఉత్తరాన డిగ్లీపూర్‌కు సాగిపోతాడు. దేశానికి బాగా తూర్పున ఉన్న దీవులు అవి. గడియారం మాత్రం దేశమంతటికీ ఉన్న గడియారమే. అందువల్ల తెల్లవారడమూ, పొద్దుగుంకడమూ అక్కడ తొందరగా జరుగుతాయి. సాయంకాలం ఆరు కాకముందే చీకటి పడుతుంది. ఆ చీకటిలో, సముద్రపు ఒడ్డున, చెట్ల నడుమ వేసిన డేరా దగ్గర ఒక యువకుడు టార్చిలైటు పట్టుకొని నిలబడి ఉంటాడు. వచ్చినవారి సంచి అందుకుంటాడు. కాళ్ళు కడుగుకోవడానికి నీళ్ళు చూపిస్తాడు. భోజనం ఎన్ని గంటలకో చెబుతాడు. ఆ యువకుడి పనిని గురించినదే ఈ ప్రసంగం.

పాశ్చాత్య దేశాలలో కుటుంబాలు కారవాన్ అనే చక్రాల ఇంటిని కారు వెనుక తగిలించుకొని ఊరూరా తిరుగుతాయి. రాత్రివేళ వాటిని నిలుపుకొనడానికి ప్రత్యేకమైన స్థలాలు, వాటికి సిబ్బంది ఉంటారు. మన దేశంలో కేరళ రాష్ట్రం 2021లో ఇటువంటి బండి యాత్రల కోసం ఒక విధానమే ప్రకటించింది. అండమాన్‌కు ఆ బండి అమరదు. అక్కడ దారి అంటే చాలావరకు నీరే. బండికి బదులు ఓడ, బండి నిలిపే స్థలానికి బదులు డేరా లేక వెదురు కుటీరం. హావ్‌లాక్‌లోని రాధానగర్ తీరాన యాత్రల కాలంలో గుడారాల బస కల్పించే పద్ధతిని అక్కడి పాలనా యంత్రాంగమే మొదలుపెట్టింది. అదే దీవిలో విజయనగర్ గ్రామం దగ్గర డాల్ఫిన్ రిసార్టు, రంగత్ సమీపాన కత్‌బర్ట్ బే వద్ద హాక్స్‌బిల్ నెస్ట్, డిగ్లీపూర్ సమీపాన కాలీపూర్ వద్ద టర్టిల్ రిసార్టు పర్యాటక శాఖ నెలకొల్పిన విడిదులు. ప్రజాపనుల శాఖ విశ్రాంతి గృహాలు, ఊరివారు తమ కొబ్బరితోటలలో వేసిన కుటీరాలు వీటికి తోడు. అయితే ఇష్టం వచ్చిన ఒడ్డున ఎవరంతట వారు గుడారం పాతుకొనడానికి వీలులేదు, అనుమతి కావాలి. ఆ నిబంధన ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

ఇంతకూ ఆ టార్చిలైటు పట్టుకొన్నవాడు ఎవరు? హావ్‌లాక్‌లోనో నీల్‌లోనో అయితే, తూర్పు పాకిస్తాన్ నుండి కట్టుబట్టలతో తరలివచ్చి, 1950, 60 దశకాలలో ప్రభుత్వం ఇచ్చిన నేలలో అడవి కొట్టి పొలం చేసుకొన్న బెంగాలీ రైతు మనుమడు కావచ్చు. అటవీ పనుల కోసం 1918 నుండి ఛోటానాగపూర్ ప్రాంతం నుండి రప్పించిన ఒరాన్, ముండా జనుల సంతతివాడు కావచ్చు. అక్కడ వారందరినీ రాంచీవారనే పిలుస్తారు. మాయాబందర్ వైపు అయితే 1925లో బర్మా నుండి వచ్చి స్థిరపడిన కరెన్ కుటుంబపు బిడ్డ కావచ్చు. తమిళుడు కావచ్చు, మలయాళీ కావచ్చు. తెలుగువాడైనా ఆశ్చర్యపడనవసరం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల జనసంఖ్య 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి వలస వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు వారిలో అనేకం. ముఖ్యపట్టణంలోని జంగ్లీఘాట్ చేపల రేవులో ఉదయం పూట కాసేపు నిలబడితే భీమిలి ఒడ్డున ఉన్నామా అనిపించేటంత తెలుగు చెవినబడుతుంది.

వీరందరూ తమలో తాము మాట్లాడుకొనేది హిందీ. వ్యాకరణం చదివి హిందీ నేర్చినవారికి ఆ హిందీ కొంచెం వింతగానే తోచవచ్చు. ఏడెనిమిది భాషల ఇళ్ళ నుండి వచ్చిన పిల్లలు ఒకే బడిలో, ఒకే ఆటస్థలంలో కలిసి తయారుచేసుకొన్న మాట అది. ఎవరి ఆదేశంతోనూ పుట్టినది కాదు గనుకనే కాబోలు, ఎవరికీ బరువు కాలేదు.

ఈ వివరం చెప్పడానికి కారణం ఉన్నది. పెద్ద పట్టణాల హోటళ్ళలో పనిచేసేవారు చాలామంది ఎక్కడినుండో వచ్చి ఉద్యోగం చేస్తున్నవారు. గదులు, భోజనం, లెక్కలు వారికి తెలుసు, ఊరు అంతగా తెలియకపోయినా పని నడుస్తుంది. దీవులలోని విడిదిలో పనిచేసే కుర్రవాడు, చాలా సందర్భాలలో, ఆ నేలమీదనే పుట్టి పెరిగినవాడు. అతడు యాత్రికుడికి సేవకుడన్నది సగం మాట. ఆ ఒడ్డుకు గృహస్థు అతడే.

తెలుగునాట బాటసారికి విడిది చూపే సంప్రదాయం చాలా పాతది. సత్రాలు ఉండేవి, పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుండి బయలుదేరి, పెద్ద పరివారంతో, డేరాలు వెంటబెట్టుకొని కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి వచ్చారు. ఆయన వ్రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో గొప్ప క్షేత్రాల వర్ణనలతోపాటు మజిలీల వివరాలు ఎన్నో ఉన్నవి. ఈ ఊళ్ళో నీరు ఎటువంటిది, అంగళ్ళు ఉన్నవా, దిగడానికి చోటు దొరుకుతుందా, ముందున్న దారి ఎలా ఉంటుంది అన్నవి ఆయన శ్రద్ధగా నమోదు చేశారు. తరువాతి బాటసారికి ఆ వాక్యాలు అన్నంతో సమానం. నీడ, నీరు, తిండి ఇచ్చినంత మాత్రాన ఆతిథ్యం పూర్తికాదు. చోటును గురించి నిజం చెప్పడం దానిలో ఒక భాగం. నేలమీద అది సగం భాగమైతే, దీవులలో సగానికి మించిన భాగం.

నీటి సంగతే చూడవచ్చు. అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అంత వాన కురిసే చోట నీటికి కరవేమిటని ఎవరికైనా సందేహం కలుగుతుంది. దీవులు చిన్నవి, వాలు ఎక్కువ, వాగులు పొట్టివి. కురిసిన నీరు నిలవకుండా సముద్రంలో కలుస్తుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో, అంటే యాత్రికులు నిండుగా ఉండే రోజుల్లోనే, బావులు అడుగంటుతాయి. స్నానానికి ఇన్ని బకెట్లే అని మొదటి రోజే నవ్వుతూ చెప్పే విడిది ఒకటి. ఏమీ చెప్పకుండా ఊరుకొని, మూడవనాటి ఉదయం ఒంటికి సబ్బు రాసుకొన్న మనిషిని ఎండిపోయిన కుళాయి ముందు నిలబెట్టే విడిది ఇంకొకటి. రెండింటిలోనూ ఉన్నది అవే నీళ్ళు.

ఇటువంటి చిన్న విషయాలలో నిజం చెప్పడం సులభం. కష్టమైనది, వచ్చినవారి ముఖం మీద 'వద్దు' అనడం. డబ్బు చెల్లించి, వేల కిలోమీటర్లు దాటి వచ్చిన మనిషి సాయంత్రం వేళ సముద్రంలో దిగబోతాడు. వాగు సముద్రంలో కలిసే చోటు అది. చుట్టూ మడ అడవి. ఉప్పునీటి మొసలి ఆ నీళ్ళలో తిరిగే వేళ అదే. నెలకు ఇంతని జీతం తీసుకొనే ఇరవై ఏళ్ళ కుర్రవాడు అడ్డం వచ్చి, ఇప్పుడు దిగవద్దు అంటాడు. ఆ పెద్దమనిషికి కోపం వస్తుంది. మరునాడు ఫిర్యాదుల పుస్తకం తెప్పించుకొని, సిబ్బందికి మర్యాద తెలియదని వ్రాసి సంతకం పెడతాడు.

విడిది నిర్వహించే అధికారి ఆ పుటను ఎలా చదువుతాడన్నది ఇక్కడ అసలైన ప్రశ్న. ఫిర్యాదుల పుస్తకంలో ఒక లోపం ఉన్నది; కలిగిన అసంతృప్తి అందులో అక్షరాలుగా మిగులుతుంది, తప్పిపోయిన ప్రమాదానికి మాత్రం అందులో చోటు లేదు. మొసలి నోటబడని మనిషి తాను పడలేదని ఏ పుస్తకంలోనూ వ్రాయడు. కనుక లెక్కలు మాత్రమే చూసే అధికారి దృష్టిలో ఆ కుర్రవాడు ఒక ఫిర్యాదు తెచ్చిపెట్టినవాడు. ఇటువంటి ఫిర్యాదులు రెండు మూడు వచ్చి, తన మాట తనమీదనే తిరగబడినప్పుడు, నాలుగవసారి అతడు నోరు మెదపడు. మర్యాదగా తువ్వాలు అందించి ఊరుకుంటాడు. పుస్తకం శుభ్రంగా ఉంటుంది.

ఇది ఊహతో చేసిన భయం కాదు. 2010 ఏప్రిల్‌లో హావ్‌లాక్‌లోని రాధానగర్ సమీపాన, నీటి అడుగు అందాలు చూస్తూ ఈదుతున్న ఒక విదేశీ యాత్రికురాలిని ఉప్పునీటి మొసలి పట్టుకొనిపోయింది. పేరుపొందిన ఆ తెల్లని ఇసుక తీరంలో అటువంటిది జరుగుతుందని యాత్రికులలో ఎక్కువమంది తలచి ఉండరు. మొసలి ఒక వాగుకు కట్టుబడి ఉండే జంతువు కాదు. ఒక దీవి నుండి మరో దీవికి సముద్రం మీదుగా ఈదుకొంటూ పోగలదు. నిన్న లేనిది నేడు ఉండవచ్చు. పాతిన హెచ్చరిక పలక నిన్నటి సంగతే చెబుతుంది. ఈ ఉదయం పల్లెకారులు ఏమి చూశారో, ఏ వాగు మొగలో నీరు కలకబారిందో చెప్పగలిగినది అక్కడి మనిషి మాత్రమే. రాధానగర్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది. ఆ గుర్తింపుకు శుభ్రతతోపాటు ప్రాణరక్షకులు, సమాచార ఏర్పాట్లు కూడా ఉండాలి. ఏర్పాట్లు మంచివే. కాని ప్రాణరక్షకుడు ఈల వేసినప్పుడు వెనుదిరగకపోతే, ఆ ఈల గాలిలో కలిసేదే.

పడవల విషయమూ ఇంతే. 2014 జనవరి 26న ముఖ్యపట్టణానికి దగ్గరలోనే, పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకొన్న ఒక పర్యాటక పడవ మునిగి ఇరవై మందికి పైగా మరణించారు. ఇంకో నలుగురం సర్దుకుంటామని బతిమాలే కుటుంబాన్ని ఒడ్డుననే ఆపగలిగే గుమస్తా కఠినుడుగా కనబడతాడు. సర్దుకోండి అనేవాడు మంచివాడుగా కనబడతాడు.

2016 డిసెంబర్ మొదటి వారంలో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి, హావ్‌లాక్, నీల్ దీవులకు ఓడల రాకపోకలు నిలిచిపోయాయి. రెండు వేలకు పైగా యాత్రికులను నౌకాదళం, ఇతర రక్షణ దళాలు ముఖ్యపట్టణానికి చేర్చవలసి వచ్చింది. వార్తలలో నౌకల సంగతి వచ్చింది, రావలసినదే. ఆ నౌకలు చేరేవరకు గడిచిన రాత్రుల సంగతి అంతగా రాలేదు. గాలివానలో డేరా నిలవదు. డేరాలలోనివారిని పక్కా కప్పు కిందకు చేర్చాలి. ఉన్న బియ్యం, పప్పు, కిరోసిన్ ఇంకా ఎన్నాళ్ళకు సరిపోతాయో లెక్క చూసుకోవాలి. చంటిపిల్లలకు పాలు వెదకాలి. విమానం తప్పిపోయిందని ఏడ్చేవారికి, ఇదంతా మీ తప్పేనని గద్దించేవారికి, గంటగంటకూ ఓడ ఎప్పుడని అడిగేవారికి సమాధానం చెప్పాలి. ఇటువంటి సమయంలో అనుభవం లేనివాడు 'రేపు తప్పక వస్తుంది' అంటాడు. ఆ క్షణానికి అందరూ శాంతిస్తారు. మరునాడు ఓడ రాకపోతే అతడి మాటను ఎవరూ నమ్మరు, నిజంగా కదలవలసిన వేళ చెప్పినా కదలరు. తెలియనప్పుడు తెలియదని చెప్పి, తెలిసిన మరుక్షణం వచ్చి లేపుతానని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకొనేవాడు మంచి సిబ్బంది. పైగా ఆ గాలివానలో అతడి సొంత ఇంటి కప్పు ఏమైందో కూడా అతడు చూసుకోవలసి ఉంటుంది. యాత్రికులలో ఆ సంగతి తట్టేది ఏ కొందరికో!

కదలవలసిన వేళ అన్న మాట వచ్చింది గనుక సునామీ సంగతి చెప్పక తప్పదు. 2004 డిసెంబర్ 26 ఉదయం సుమారు ఆరున్నర గంటలకు సుమత్రా దగ్గర భూమి కంపించింది. నిమిషాల వ్యవధిలో నికోబార్ దీవులపై సముద్రం విరుచుకుపడింది. ఆ రోజున దేశంలో సునామీ హెచ్చరిక వ్యవస్థ లేదు. తరువాత 2007 అక్టోబర్‌లో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. అది ఉన్నది సముద్రానికి ఎంతో దూరంగా, మన హైదరాబాదులో, ఇన్‌కాయిస్ అనే సంస్థలో. సముద్రపు అడుగున అమర్చిన పరికరాలు, భూకంప లేఖినులు, తీరంలోని అలల కొలమానాలు పంపే సమాచారాన్ని అక్కడ రాత్రింబవళ్ళు పరిశీలిస్తుంటారు. పెద్ద భూకంపం వచ్చిన నిమిషాలలోనే అక్కడినుండి దీవులకు కబురు వెళుతుంది.

ఆ కబురు చివరి వంద గజాలు ఎలా పోతుంది? జిల్లా కార్యాలయం వరకు యంత్రాలు చేరవేస్తాయి. అక్కడినుండి విడిదికి ఫోను రావాలి, తీరాన నిద్రపోతున్నవారిని ఎవరో ఒకరు లేపాలి, చీకటిలో ఎత్తైన చోటికి దారి చూపాలి. దారి ఏదో పగలే తెలిసి ఉండాలి. ఎంతమంది బస చేశారో, వారిలో నడవలేని వృద్ధులెవరో తెలిసి ఉండాలి. అంతే కాదు, దగ్గరలోనే భూకంపం వస్తే కబురుకు కూడా వ్యవధి ఉండదు. నేల గట్టిగా, చాలాసేపు కంపించినా, సముద్రం అకస్మాత్తుగా వెనక్కి పోయినా, ఎవరి ఉత్తరువు కోసమూ చూడకుండా ఎగువకు పరుగెత్తాలి. లిటిల్ అండమాన్‌లోని ఓంగీ జనులు 2004లో అలాగే అడవిలోకి, ఎగువకు పోయి ప్రాణాలు దక్కించుకొన్నారు. చదువుకొన్న ప్రపంచం పరికరాలతో నేర్చుకొన్న పాఠం వారికి తరతరాల నుండి తెలుసు. కొత్తవారిని దింపుకొన్న సాయంత్రమే, టీ ఇస్తూ, 'నేల ఊగితే ఇటు, ఈ బాట వెంట' అని చేయి చాపి చూపించే విడిదులు ఉండాలి. చూపిస్తే జనం భయపడి మళ్ళీ రారేమోనని కొందరు నిర్వాహకులు సంకోచిస్తారు. విమానం ఎగిరేముందు ప్రతిసారీ ప్రమాద సూచనలు చెబుతారు. ఆ కారణంగా విమానం ఎక్కడం మానుకొన్నవారెవరూ లేరు.

'వద్దు' అనవలసినది యాత్రికుల మేలు కోసమే కాదు, ఇతరుల మేలు కోసం కూడా. అండమాన్ మహారహదారి జారవాల అడవి గుండా పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుండి వాహనాలన్నీ ఒక వరుసగా, కాపలాతో కదలాలి. మధ్యలో ఆగరాదు, ఫోటోలు తీయరాదు, తినుబండారాలు ఇవ్వరాదు. ఆదిమ జనుల రక్షణకు 1956లోనే ఒక చట్టనిబంధన ఏర్పడింది. ఆహారం ఆశ చూపి జారవా స్త్రీల చేత యాత్రికుల ముందు నాట్యం చేయించిన దృశ్యాలు 2012 జనవరిలో బయటకు వచ్చి దేశమంతా తలవంచుకోవలసి వచ్చింది. అదే సంవత్సరం నిబంధనను సవరించి శిక్షలు పెంచారు. 2018 నవంబర్‌లో, నిషిద్ధమైన నార్త్ సెంటినల్ ద్వీపానికి పోదలచిన ఒక విదేశీయుడిని కొందరు మత్స్యకారులు డబ్బు పుచ్చుకొని పడవలో తీసుకువెళ్ళారు. అతడు అక్కడ ప్రాణాలు కోల్పోయాడు, సహాయపడినవారు అరెస్టయ్యారు. వ్యాపార పరిభాషలో చెబితే, అడిగినవారికి అడిగిన సేవ అందింది. బయటి జబ్బులను తట్టుకొనే శక్తి లేని, వేళ్ళమీద లెక్కించదగినంత కొద్దిమంది గల ఒక జనసమూహం ఆ సేవ వల్ల ఎంతటి ప్రమాదంలో పడి ఉండేదో తలచుకొంటే, 'కోరినది కాదనకుండా ఇవ్వడమే సేవ' అన్న సూత్రం ఎంత అసంపూర్ణమో అర్థమవుతుంది.

గవ్వలు, పగడాలు ఏరుకోవడం ఇంతకంటే చిన్న విషయం. ఆ ఆశ మాత్రం అందరికీ ఉంటుంది. పగడాలు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలు కింద రక్షణ పొందుతున్నవి. విమానాశ్రయంలో సంచులు విప్పించి తీయించేకంటే, ఒడ్డుననే ఒక మాట చెప్పడం గౌరవంగా ఉంటుంది.

అయితే ఈ భారమంతా ఆ కుర్రవాడి భుజం మీద పెట్టి, అతడికి ఏమి ఇస్తున్నట్లు? విడిదుల పని చాలావరకు నవంబర్ నుండి మే వరకే. నైరుతి వానలు దిగగానే డేరాలు మడిచేస్తారు, పని పోతుంది. మరుసటి ఏడు అదే మనిషి వస్తాడన్న నమ్మకం లేదు. మూడు కాలాలు అదే ఒడ్డున పనిచేసినవాడికి ఆ నీటి పోటూ పాటూ, ఆ వాగు పోకడా వంటబడతాయి. ఏటేటా మనిషిని మారిస్తే ఆ తెలివి కూడా ఏటేటా సముద్రం పాలవుతుంది. తువ్వాలు మడవడం, సలాం చేయడం వారం రోజులలో నేర్పవచ్చు. ఈ తెలివిని నేర్పే తరగతి గది లేదు. కనుక వానాకాలంలోనూ కొంత జీతమిచ్చి సిబ్బందిని నిలుపుకోవడం ఖర్చు కాదు, పొదుపు. నీటిలో దిగరాదన్న మాట పలికే అధికారం ఆ కుర్రవాడిదేనని, దానిపై పైవారి దగ్గర అప్పీలు లేదని విడిది గుమ్మంలోనే వ్రాసి పెట్టడానికి పైసా ఖర్చు కాదు. పర్యాటక శాఖలు ఏర్పాటు చేసే శిక్షణలో ఇంగ్లీషు వాక్యాలు, భోజనపు బల్ల మర్యాదలు ఉండవలసినవే. వాటితోపాటు 'వద్దు' అన్న మాటను మర్యాద చెడకుండా, స్థిరంగా పలకడం నేర్పితే మరింత మేలు.

వచ్చేవారి వైపు నుండి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ముఖ్యభూమి నుండి పోయేవారు, అందులో మన తెలుగువారూ ఉన్నారు, విడిది కుర్రవాడిని 'ఒరేయ్' అనో 'ఏమోయ్' అనో పిలవడం వినబడుతూనే ఉంటుంది. అక్కడివారు ఒకరినొకరు 'భయ్యా' అనో, బెంగాలీ పల్లెలలో 'దాదా' అనో పిలుచుకొంటారు. 'తమ్ముడూ' అన్నా సరే, భాష తెలియకపోయినా భావం తెలుస్తుంది. ఒక్కొక్కప్పుడు ఆ పిలుపుకు అచ్చమైన ఉత్తరాంధ్ర యాసలో బదులు వచ్చి, పిలిచినవారు తెల్లబోవడం కూడా కద్దు. సామాను దించుకొని, తాత ఏ ఊరివాడో చెప్పుకొని, ఎన్నడూ చూడని సోంపేటను గురించో పూసపాటిరేగను గురించో అతడు అడిగే ప్రశ్నలకు ఓపికతో సమాధానం చెప్పిన యాత్రికుడికి, మరునాడు తాను అడగకుండానే ఎన్నో విషయాలు తెలుస్తాయి. దీవుల మధ్య తిరిగే ప్రభుత్వపు ఓడలలో చోటు కొద్దిది. ఆస్పత్రికి పోయే ద్వీపవాసులూ, పరీక్షలకు పోయే పిల్లలూ ఆ ఓడలమీదనే ఆధారపడి ఉన్నారు. వారికి తక్కువ ధర టికెట్లు, ప్రత్యేకమైన సౌకర్యం ఉండటం చూసి గొణిగే యాత్రికులున్నారు. అది వారి ఊరి బస్సు అని తెలిస్తే గొణుగుడు దానంతట అదే తగ్గుతుంది.

కాలీపూర్ తీరం సంగతి చెప్పి ఈ ప్రసంగం ముగించవచ్చు. 732 మీటర్ల శాడిల్ పీక్ శిఖరం నీడన ఉన్న ఆ ఒడ్డుకు శీతకాలపు రాత్రులలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆలివ్ రిడ్లీ, గ్రీన్, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్ అనే నాలుగు జాతులూ వచ్చే అరుదైన తీరం అది. అటవీ శాఖవారు గుడ్లను జాగ్రత్తగా తీసి కంచె లోపల ఇసుకలో పూడ్చి, పిల్లలు పొదిగి వచ్చాక నీటిలో వదులుతారు. చూడడానికి వచ్చినవారికి అక్కడి సిబ్బంది చెప్పే మాటలు కొద్ది. తెల్లని వెలుగు వద్దు. ఫోటోల మెరుపు వద్దు. తాబేలు ఒడ్డెక్కి, గుంట తవ్వి, గుడ్లు విడవడం మొదలుపెట్టేవరకు దగ్గరకు పోవద్దు. ముందుగానే అలికిడైతే అది వెనుదిరిగి నీటిలోకి పోతుంది. ఎవరైనా 'ఇవాళ తప్పక వస్తుందా?' అని అడుగుతారు. రావచ్చు, రాకపోవచ్చు అంటారు సిబ్బంది. ఎంత డబ్బు ఇచ్చినా ఆ జవాబు మారదు. చలిగాలిలో, ఇసుకమీద, హైదరాబాదు వారూ, కలకత్తా వారూ, నాగపూర్ వారూ మాటలు మాని వరుసగా కూర్చుంటారు. పక్కనే ఒక రాంచీ కుర్రవాడు ఎర్రకాగితం చుట్టిన టార్చిలైటును ఒడిలో పెట్టుకొని, వెలిగించకుండా, అలల వైపు చూస్తూ ఉంటాడు.